కలరా ఉండలు కరిగించిన రేడియో పెట్టె: ఒక కేస్ స్టడీ

ఆ రేడియో నా దగ్గరికి పాత పట్టుచీర ముక్కలో చుట్టి వచ్చింది. చుట్టు విప్పబోతే గుడ్డ ఊడిరాలేదు. వెనక మూతకు అంటుకుపోయింది. అక్కడ జిగురేమీ లేదు. ప్లాస్టిక్కే ఎప్పుడో మెత్తబడి, చీర పోగుల్ని తనలోకి లాక్కుని, మళ్లీ కాస్త గట్టిపడింది. విజయవాడలో పాతికేళ్లుగా పాత రేడియోల బాడీలు బాగుచేస్తున్నాను. ఇలా గుడ్డను మింగిన పెట్టెను చూడటం ఇది మూడోసారి. మూడుసార్లూ కారణం ఒకటే.

తెచ్చినామె స్కూలు టీచరు. గుడివాడ దగ్గర ఊరు. రేడియో వాళ్ల తాతయ్యది. ఆయన పోయాక నాయనమ్మ దాన్ని చీర ముక్కలో చుట్టి, పట్టుబట్టలతో పాటు ట్రంకు పెట్టెలో దాచారు. బట్టలకు పురుగు పట్టకుండా ఏటా కొత్త కలరా ఉండలు వేస్తూ వచ్చారు.

"ప్రాణంలా దాచుకుంది అంకుల్. మరి ఇలా ఎందుకైంది?" అని ఆమె అడిగింది.

అంత శ్రద్ధగా దాచడం వల్లే అయింది. కలరా ఉండ అంటే నాఫ్తలీన్. గది వేడికే నెమ్మదిగా ఆవిరవుతుంది, ఆ వాసనే పురుగుల్ని తరుముతుంది. మూసిన ట్రంకులో ఆ ఆవిరికి బయటికి దారి ఉండదు. 1960లు, 70లలో వచ్చిన చాలా పోర్టబుల్ రేడియోల బాడీలు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో పోసినవి. నాఫ్తలీన్‌కీ పాలీస్టైరీన్‌కీ నిర్మాణంలో చుట్టరికం ఉంది, రెండింటిలోనూ ఉండేవి బెంజీన్ వలయాలే. అందుకే ఆవిరి ప్లాస్టిక్‌లోకి సులువుగా ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది. ఉండ నేరుగా తగిలిన చోట గుంట పడుతుంది. ఈ రేడియో వెనక మూత మీద అలాంటి గుంటలు రెండు ఉన్నాయి. చిటికెన వేలి గోరంత వెడల్పు, అర మిల్లీమీటరుకు కాస్త పైన లోతు. వాటి చుట్టూ అరచేయంత మేర చీర నేత అచ్చు పడింది. జరీ అంచు గీతలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి.

వచ్చినప్పటి పరిస్థితి

ఫిలిప్స్ వాళ్ల రెండు బాండ్ల పోర్టబుల్ అది. మీడియం వేవ్, షార్ట్ వేవ్. కలకత్తాలో తయారైంది. ముందు భాగం దంతపు రంగు, వెనక మూత ముదురు బూడిద రంగు. స్పీకర్ ముందు సన్న రంధ్రాల అల్యూమినియం జాలి. నాలుగు పెద్ద సెల్లు పట్టే అర. పైన పట్టుకోవడానికి హ్యాండిల్, పక్కన లాగే ఏరియల్. వీటన్నిటికీ పైతొడుగుగా గోధుమరంగు తోలు కేసు. ఆ రోజుల్లో రేడియో కొన్నవాళ్లు దానికి తోలు కేసు కూడా తీసుకునేవాళ్లు. ముందువైపు జాలికి సరిగ్గా వచ్చేలా చిల్లులు, పైన టిచ్ బటన్లు, భుజాన వేసుకోవడానికి పట్టీ. కేసు వెనక చిన్న అరలో పోస్టాఫీసు వాళ్లిచ్చిన రేడియో లైసెన్సు పుస్తకం ఇంకా ఉంది. ఒకప్పుడు రేడియో ఉన్న ఇంటికి లైసెన్సు ఉండాల్సిందే అని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఆ పుస్తకాన్ని నేను ముట్టుకోలేదు. మడతలు విప్పకుండా, ఆమ్లం లేని కాగితంలో పెట్టి తిరిగి ఇచ్చేశాను.

నష్టాలు రాసుకున్నాను. వెనక మూత సంగతి చెప్పాను. ముందు భాగం కుడివైపు కింది మూల పగిలింది. ఎప్పుడో ఒక రిపేరు షాపులో ఎవరో ఆ పగులు మీద వేడి సోల్డరింగ్ ఐరన్‌తో గీసి, పైన అరల్డైట్ జిగురు ముద్ద పెట్టారు. సెల్లు కారి, అర అంతా తెల్లటి, పచ్చటి పెచ్చులు కట్టింది. జాలి వెనక దుమ్ము, బల్లి గుడ్ల పెంకులు. తోలు కేసు మీద బూజు, బటన్ల చుట్టూ ఆకుపచ్చ చిలుము. ముందు భాగం మొత్తం గోధుమరంగు తిరిగిన పసుపు.

ఇంకొకటి ఉంది. దాన్ని మొదటి రోజు సరిగ్గా గమనించలేదు. డయల్ గ్లాసు మీద, 80 అంకె దాటి కాస్త కుడికి, మినపగింజంత ఎర్రటి చుక్క. మరకేమో అనుకుని నోట్స్‌లో "డయల్ మీద ఎర్ర రంగు, తీసేయాలి" అని రాశాను.

ముందు పదార్థం ఏదో తేలాలి

ఏ ద్రవమూ తగలకముందే ఇది తేల్చుకోవాలని పట్టుబడతాను. దాని వెనక నా తప్పు ఒకటి ఉంది. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక రేడియో మీద స్టిక్కరు జిగురు తీయడానికి నీలగిరి తైలం వాడాను. జిగురు పోయింది. దాంతోపాటు బాడీ మీద నా బొటనవేలి ముద్ర కూడా పడింది, రేఖలతో సహా. ఆ రేడియో యజమాని ఏమీ అనలేదు. నాకే చాలా రోజులు నిద్ర పట్టలేదు. ప్లాస్టిక్ ఏదో తెలియకుండా తైలం, పెట్రోలు, థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు ఏదీ తగలనివ్వకూడదని ఆ రోజు నేర్చుకున్నాను.

పరీక్షలకు ప్రయోగశాల అక్కర్లేదు. లోపల ఎలాగూ విరిగి ఉన్న పక్కటెముక, అంటే బాడీకి బలం కోసం పోసిన సన్నటి పట్టీ, ఒకటి దొరికింది. దాన్నుంచి బియ్యపు గింజంత పెచ్చు తీశాను. మామూలు నీళ్లలో వేస్తే మునిగింది. ఉప్పు ఇక కరగనంత కలిపిన నీళ్లలో తేలింది. పాతకాలపు గట్టి ప్లాస్టిక్ బేకలైట్ అయితే రెండింట్లోనూ మునుగుతుంది. అంటే ఇది పాలీస్టైరీన్ కావాలి, లేదా ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్. వేలితో తడితే ఖంగుమని సన్నటి మోత వచ్చింది. ఏబీఎస్ మోత మొద్దుగా ఉంటుంది. చివరగా కమలాపండు తొక్కను మడిచి ఆ పెచ్చు మీద నూనె చిందేలా పిండాను. ఒకటి రెండు నిమిషాల్లో పైపొర మెరుపు పోయి జిగటగా తయారైంది. తొక్కలోని లిమోనీన్ పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది, ఏబీఎస్‌ను అంతగా తాకదు. 3డీ ప్రింటింగ్ చేసేవాళ్లు ఏబీఎస్ బొమ్మకు ఆసరాగా పోసిన పాలీస్టైరీన్‌ను ఇదే గుణం వాడుకుని కరిగించేస్తారు. నాకు ఈ పరీక్ష చాలా ఇష్టం. ఇంట్లో ఉన్న పండుతో తేలిపోతుంది, తప్పు జరిగినా పోయేది పెచ్చే.

బాడీ పాలీస్టైరీన్. డయల్ గ్లాసు పారదర్శకమైన వేరే ప్లాస్టిక్. దానికి స్పిరిట్ తగిలితే సన్నని వెంట్రుక పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి నీళ్లు తప్ప ఏదీ వాడకూడదనుకున్నాను. "ఫిలిప్స్" అక్షరాల బంగారు మెరుపు, నాబ్‌ల మధ్య వెండి బిళ్లలు లోహం కావు. పల్చటి రేకుపూత. గట్టిగా రుద్దితే ఆ పూత గుడ్డకు వచ్చేస్తుంది, కింద బోసి ప్లాస్టిక్ మిగులుతుంది.

విప్పడం, ఆరబెట్టడం

నాబ్‌లు లాగడానికి స్క్రూడ్రైవర్‌తో ఎత్తకూడదు. నాబ్ వెనక బూటు లేసు చుట్టి రెండు కొసలూ సమానంగా లాగితే వచ్చేస్తుంది. ఛాసీని, అంటే రేడియో భాగాలన్నీ బిగించిన లోపలి చట్రాన్ని, మొత్తంగా బయటికి తీశాను. డయల్ దారం తెగలేదు కాబట్టి దాని జోలికి పోలేదు. ఎలక్ట్రానిక్ పని నేను చేయను. ఛాసీని ఆ పని తెలిసిన నా స్నేహితుడికి ఇచ్చాను. ఆయన ఎండిపోయిన కెపాసిటర్లు కొన్ని మార్చి, మిగతాదంతా ఆరోగ్యంగా ఉందన్నాడు.

వెనక మూతను వెంటనే కడగలేదు, గీకలేదు. నాఫ్తలీన్ ఇంకా లోపలే ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలుస్తోంది. మెత్తగా ఉన్న ప్లాస్టిక్‌ను రుద్దితే గీతలు కాదు, లోయలు పడతాయి. చీర గుడ్డను మూత అంచుల దగ్గర కత్తిరించి, అంటుకున్న ముక్కను అలాగే ఉంచి, నీడలో, ఫ్యాను కింద, జాలీ తట్ట మీద బోర్లించాను. మూడు వారాలు. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది కదా అని ఆమె ఫోన్‌లో అడిగింది. మెత్తబడ్డ పాలీస్టైరీన్‌ను మా విజయవాడ ఎండలో పెడితే మూత వంకర పోతుంది. అప్పుడిక స్క్రూ రంధ్రాలు కలవవు. ఈ కేసులో అన్నిటికంటే పెద్ద పని ఏమీ చేయకుండా ఆగడమే.

మూడు వారాల తర్వాత గోరుతో నొక్కితే ముద్ర పడటం ఆగింది, వాసన తగ్గింది. అప్పుడు గుడ్డ పోగుల్ని ఒక్కొక్కటిగా పట్టకారుతో, నేతకు సమాంతరంగా, పడుకోబెట్టి లాగాను. నిలువుగా ఎత్తితే ప్లాస్టిక్ పెచ్చు లేస్తుంది. రెండు సాయంత్రాలు పట్టింది. జరీ పోగులు చివరికి వచ్చాయి. వాటిని చిన్న కవరులో వేసి ఆమెకే ఇచ్చాను.

సెల్లు కారిన అర

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. సెల్ కారితే వెనిగర్ పోయమని అందరూ చెబుతారు. ఆ సలహా ఆల్కలైన్ సెల్లకు. వాటి నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, అది క్షారం, దానికి ఆమ్లం విరుగుడు. కానీ మన ఇళ్లలో ఆ కాలపు రేడియోల్లో వేసినవి జింకు కార్బన్ సెల్లు. వాటి నుంచి వచ్చేది అమ్మోనియం క్లోరైడ్, జింకు క్లోరైడ్ కలిసిన ఆమ్ల గుణం ఉన్న ముద్ద. దాని మీద వెనిగర్ పోస్తే ఆమ్లానికి ఆమ్లం తోడవుతుంది, స్ప్రింగులు మరింత తింటుంది. దీనికి వంట సోడా కావాలి.

ముందు మాస్కు పెట్టుకుని, పొడి పెచ్చుల్ని వెదురు పుల్లతో దులిపాను. ఇనుప పనిముట్టు వాడలేదు. తర్వాత వంట సోడాను నీళ్లతో ముద్దలా కలిపి పాత టూత్‌బ్రష్‌తో పెట్టాను. సన్నగా నురగ వచ్చింది, అంటే ఆమ్లం ఇంకా మిగిలే ఉందన్నమాట. నురగ ఆగేదాకా మూడుసార్లు మార్చాను. చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను. బ్యాటరీ షాపుల్లో లీటరు సీసాల్లో దొరుకుతుంది. బోరు నీళ్లు వాడితే ఆరాక తెల్ల మరకలు మిగులుతాయి. అవి మళ్లీ కారిన సెల్ గుర్తుల్లా కనిపించి తర్వాతి మెకానిక్‌ను కంగారు పెడతాయి.

స్ప్రింగుల తుప్పుకు నిమ్మఉప్పు వాడాను. లీటరు నీటికి 50 గ్రాములు. అర నుంచి ఊడదీసి, గంటసేపు నానబెట్టి, బ్రష్ చేసి, సోడా నీటిలో ముంచి, కడిగి, వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాను. వెంటనే ఆరబెట్టకపోతే పది నిమిషాల్లో కొత్త తుప్పు మొదలవుతుంది. నాలుగో స్ప్రింగ్ మాత్రం సగం తినేసి ఉంది. దాన్ని పాత టార్చి లైటు స్ప్రింగ్‌తో మార్చాను. మిగతా వాటి కొసలకు పల్చగా సోల్డర్ పూత పూశాను.

చుట్ట పొగ

ముందు భాగాన్ని చూసి ఆమె, "యూట్యూబ్‌లో చూశాను అంకుల్, పెరాక్సైడ్ రాసి ఎండలో పెడితే తెల్లగా అవుతుందట" అంది. నిజమే, అవుతుంది. బ్యూటీ పార్లర్లలో వాడే 12 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీమ్ పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి వెలుతురులో పెడతారు. కానీ క్రీమ్ ఒక చోట ఎండి ఒక చోట తడిగా ఉంటే పాల మరకల్లా మచ్చలు పడతాయి. వాటిని తీసే దారి లేదు. పైగా కొన్నేళ్లకు పసుపు తిరిగి వస్తుంది. అన్నిటికంటే ముందు, ఆ పసుపు ప్లాస్టిక్ లోపలిదా, పైపొరదా అన్నది తేలాలి.

గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, దూదిపుల్ల ముంచి, హ్యాండిల్ కింద కనపడని చోట తుడిచాను. దూది తేనె రంగులోకి తిరిగింది. వాసన చూస్తే అర్థమైంది.

"తాతయ్య చుట్ట తాగేవారా అమ్మా?" అని ఫోన్ చేసి అడిగాను.

"పొద్దున్నే వార్తలు వింటూ ఒకటి, రాత్రి ఒకటి. మీకెలా తెలిసింది?"

ఆ పసుపులో సగానికి పైగా చుట్ట పొగే. జాలి పైభాగాన దట్టంగా, కింద పల్చగా ఉంది. కుర్చీ ఎక్కడ ఉండేదో, రేడియో ఎంత ఎత్తులో ఉండేదో ఊహించవచ్చు. సబ్బు నీళ్లతో, మెత్తటి పెయింట్ బ్రష్‌తో, నాలుగు విడతలుగా కడిగితే చాలావరకు పోయింది. అక్షరాల మీద మాత్రం బ్రష్ ఆనించలేదు, దూదితో అద్దాను. కడిగాక మిగిలిన రంగు పాత దంతపు రంగు. కొత్తగా ఉన్నప్పటి తెలుపు కాదు. బ్యాడ్జి కింద ఎండ తగలని చోటుతో పోల్చి చూశాను, తేడా ఉంది. అయినా పెరాక్సైడ్ వద్దన్నాను. కాలం వల్ల సమానంగా వచ్చిన రంగు కంటికి బాగుంటుంది, మచ్చలు పడిన తెలుపు బాగుండదు. ఆమె ఒప్పుకుంది.

జాలిని ఊడదీయడానికి లోపలి అల్యూమినియం నాలుకలు నాలుగు నిటారుగా చేయాలి. రెండోసారి వంచితే అవి విరుగుతాయి. కాబట్టి జాలి రావడానికి ఎంత కావాలో అంతే ఎత్తాను. బల్లి గుడ్ల పెంకులు, దుమ్ము ఉండలు అన్నీ దాని వెనకే ఉన్నాయి. జాలిలో సొట్టను మడిచిన తువాలు మీద బోర్లించి, చెక్క గరిట వెనకవైపుతో లోపలి నుంచి నెమ్మదిగా నొక్కి సరిచేశాను.

పగిలిన మూల

పాత అరల్డైట్ ముద్దను వేడి చేసి తీయొచ్చు, కానీ ఆ వేడికి పాలీస్టైరీన్ కూడా మెత్తబడటం మొదలవుతుంది. బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కడమే దారి. సోల్డరింగ్ ఐరన్ కాల్చిన గీతల్ని మాత్రం పూర్తిగా సరిచేయలేకపోయాను. దగ్గర్నుంచి చూస్తే ఇప్పటికీ తెలుస్తాయి.

పాలీస్టైరీన్ పగులుకు జిగురు కంటే వెల్డింగ్ నయం. పెయింట్ పల్చబరచడానికి వాడే ఎన్‌సీ థిన్నర్‌లో పాలీస్టైరీన్ కరుగుతుంది. రెండు అంచుల్ని సరిగ్గా కలిపి టేపు వేసి, లోపలివైపు నుంచి సన్నటి బ్రష్ కొనతో థిన్నర్ తాకిస్తే సందులోకి తనంతట తనే పాకుతుంది. రెండు అంచులూ కరిగి ఒక్కటవుతాయి. బయటికి పొంగితే తుడవకూడదు, అలా వదిలేయాలి. తుడిచిన చోటల్లా పైపొర పాడవుతుంది. కిటికీలు తెరిచి పెట్టి, మాస్కుతో చేసే పని ఇది. రెండు రోజులు కదపలేదు.

వెనక మూత గుంటలకు ఇదే పద్ధతిని పొడిగించాను. థెర్మోకోల్ కూడా పాలీస్టైరీనే. థిన్నర్‌లో వేస్తే గుప్పెడు థెర్మోకోల్ చెంచాడు ముద్దగా మారుతుంది, పూరకంగా వాడుకోవచ్చు. కానీ అది తెలుపు, మూత బూడిద. అందుకని విరిగిన పక్కటెముకను బ్లేడుతో గీకి, ఆ రజనునే థిన్నర్‌లో కరిగించి ముద్ద చేశాను. రంగు దాదాపు కలిసిపోతుంది. థిన్నర్ ఆరేకొద్దీ ముద్ద కుంచించుకుపోతుంది కాబట్టి ఒకేసారి నింపకూడదు. పల్చగా నాలుగు పూతలు, పూతకూ పూతకూ మధ్య రెండు రోజులు. చివరి పూత తర్వాత పది రోజులు వదిలేశాను. పైన గట్టిపడినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది. తొందరపడి రుద్దితే వారం తర్వాత అక్కడ మళ్లీ గుంట తేలుతుంది.

తర్వాత వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం. 800 నంబరుతో మొదలుపెట్టి 1000, 1500, 2000. ప్రతిదీ చిన్న చెక్క ముక్కకు చుట్టి, నీళ్లతో, ఒక నంబరు అడ్డంగా, తర్వాతిది నిలువుగా. అలా చేస్తే ముందు నంబరు గీతలు పోయాయో లేదో కనిపిస్తుంది. చివర కారు పెయింటర్లు వాడే రబ్బింగ్ కాంపౌండ్‌లో నీళ్లతో కలిపేది, చాలా తక్కువగా. కిరోసిన్ వాసన వచ్చే కాంపౌండ్లు పాలీస్టైరీన్ మీద వద్దు. చేత్తోనే రుద్దాను. మెషిన్ పెడితే రాపిడి వేడికి పైపొర కరిగి చారలు పడతాయి. చీర నేత అచ్చు పోయింది. గుంటలు ఉన్నచోట పక్కవాటు వెలుతురులో చూస్తే నీడలా తెలుస్తుంది, చేతికి తగలదు.

ఎర్ర చుక్క

డయల్ గ్లాసు వెనకవైపు అంకెల అచ్చు ఉంటుంది. ఆ రంగు పాతబడి పొడిలా రాలుతుంటుంది కాబట్టి వెనకవైపు తడి అస్సలు తగలకూడదు, బ్రష్ కూడా ఆనకూడదు. గాలితో ఊది వదిలేయాలి. ముందువైపు మాత్రం తడి దూదితో, అంచు నుంచి మధ్యకు తుడుస్తూ వచ్చాను. ఎర్ర మరక దగ్గరికి వచ్చి ఒకసారి దూదిపుల్ల తిప్పాను. దూది ఎర్రబడింది.

నెయిల్ పాలిష్ అయితే నీళ్లకు రాదు. పెయింట్ కూడా రాదు. ఇంత సులువుగా నీళ్లకు వచ్చే ఎరుపు ఏమిటా అని ఆగాను. భూతద్దంతో చూస్తే అది చిమ్మిన మరక కాదు. గుండ్రంగా, పుల్లతో పెట్టిన చుక్క. పైగా ఒకదాని మీద ఒకటి రెండు మూడు పొరలు. ఎవరో ఎప్పటికప్పుడు దిద్దుకుంటూ వచ్చారు. చేతిలో పుల్ల పక్కన పెట్టి ఫోన్ చేశాను. ఆమెకు తెలియదు. ఫోన్ నాయనమ్మకు ఇచ్చింది.

"అది నా తిలకం నాయనా," అన్నారు పెద్దావిడ. "నాకా అంకెలు రావు. బెజవాడ స్టేషన్ ఎక్కడో మా ఆయన పొలం వెళ్లేముందు పెట్టి పోయేవాడు, పిల్లలు తిప్పేసేవాళ్లు. ఒకరోజు ఆయనే పట్టి చూపించి, ఇక్కడ చుక్క పెట్టుకో అన్నాడు. చెరిగినప్పుడల్లా పెట్టుకునేదాన్ని."

విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్. డయల్ మీద 80 అంటే 800, దాన్ని దాటి కాస్త కుడికి. చుక్క సరిగ్గా అక్కడే ఉంది.

నా దూదిపుల్ల తిప్పిన తిప్పుకు ఆ చుక్క ఎడమ అంచు పల్చబడింది. ఇది నా పొరపాటు. మొదటి రోజు నోట్స్‌లో "తీసేయాలి" అని రాసేముందు అదేమిటని అడగాల్సింది. ఆ వాక్యాన్ని కొట్టేసి, కింద తేదీతో సహా ఏం జరిగిందో రాశాను. ఆమెకూ చెప్పాను. పల్చబడిన అంచును కొత్త తిలకంతో నింపొచ్చు కదా అని స్నేహితుడు అన్నాడు. నేను నింపలేదు. ఆ చుక్క పెట్టాల్సింది నేను కాదు.

మిగతా గ్లాసును పొడిగా ముగించాను. చుక్క చుట్టూ గోరంత వెడల్పున అసలు తాకలేదు. అందువల్ల అక్కడ పాత మసక వలయంలా మిగిలింది. పాలిష్ చేసి ఉంటే గీతలన్నీ పోయి గ్లాసు కొత్తదిలా మెరిసేది. దానికి చుక్కను తీసి మళ్లీ పెట్టాలి. అక్కర్లేదనుకున్నాను.

చీర నేత అచ్చును రుద్ది తీసేసినవాడివి, తిలకాన్ని ఎందుకు ఉంచావని నా స్నేహితుడు అడిగాడు. నేతను ఎవరూ కావాలని అచ్చు వేయలేదు. అది దాచిన చోట జరిగిన నష్టం. అలాగే వదిలితే ఆ గరుకులో దుమ్ము, చెమట పేరుకుని ఇంకా పాడవుతుంది. చుక్క మాత్రం ఒక మనిషి పని కోసం, చేత్తో, తెలిసి పెట్టింది. ఆ ఇంట్లో ఆ రేడియో డయల్ చదవడానికి ఆవిడకున్న అక్షరం అదొక్కటే. నా పనిలో ప్రతి మరక దగ్గరా ఈ రెండిట్లో ఏదో తేల్చుకోవాల్సి వస్తుంది. చుట్ట పొగ విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు. దాన్ని కడిగేశాను, ఎందుకంటే తారు జిగట కింద రేకు అక్షరాలు ఊడిపోతున్నాయి. జాలి లోపలి అంచున బియ్యపు గింజంత చోట మాత్రం కడగకుండా వదిలాను.

తోలు కేసు

బూజును ఆరుబయట, మెత్తటి బ్రష్‌తో, మాస్కుతో దులిపాను. ఇంట్లో దులిపితే అది మిగతా తోలు సామానుకూ పాకుతుంది. రెండు రోజులు నీడలో గాలికి పెట్టి, పల్చటి సబ్బు నురుగుతో, నీళ్లు ఇంకకుండా తుడిచాను. బటన్ల దగ్గర ఆకుపచ్చ మైనంలాంటి చిలుము తోలులోని కొవ్వుకూ ఇత్తడికీ మధ్య పుట్టేది. పుల్లతో గీకి, గుడ్డతో తుడిస్తే పోతుంది. తోలుకు నూనె ఎక్కువ పడితే అదే చిలుము తిరిగి వస్తుంది, కాబట్టి కండిషనర్ ఒక్క పూతే, అదీ బటన్లకు దూరంగా. కొబ్బరినూనె రాయొద్దని ఆమెకు ప్రత్యేకంగా చెప్పాను. కొన్నాళ్లకు ముక్క వాసన వస్తుంది, బూజును పిలుస్తుంది.

పట్టీ కుట్టు ఊడిన చోట తోలు పని చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. మైనం పట్టించిన దారంతో, పాత రంధ్రాల్లోంచే కుట్టమన్నాను. కొత్త రంధ్రం పొడిస్తే పాత తోలు ఆ గీత వెంట చినుగుతుందని ఆయనే నాకు చెప్పాడు.

అప్పగింత, ఆరు నెలల తర్వాత

మొత్తం తొమ్మిది వారాలు పట్టింది, అందులో చేతిపని పదకొండు రోజులు. సామానుకు వెయ్యి రూపాయలు దాటలేదు. ఇచ్చేముందు ఛాసీ బిగించి, నాలుగు కొత్త సెల్లు వేసి, ముల్లును చుక్క మీదికి తిప్పాను. విజయవాడ పలికింది. నేనైతే ఆ పక్కకీ ఈ పక్కకీ కాస్త తిప్పి చూశాను, చుక్క కంటే స్పష్టంగా వచ్చే చోటు వేరే దొరకలేదు.

ఆమెకు చెప్పి పంపినవి ఇవి. కలరా ఉండలు, కర్పూరం ఉన్న పెట్టెలో రేడియో పెట్టొద్దు. రేడియో తోలు కేసులో ఉంచి అల్మరాలో మూసేయొద్దు, విడివిడిగా ఉండాలి. ఇయర్‌ఫోన్ వైరు, రెక్సిన్ సంచి ఏదీ బాడీకి ఆనించి నెలల తరబడి ఉంచొద్దు. వాటిని మెత్తగా ఉంచే నూనెలు పాలీస్టైరీన్‌లోకి పాకి గీతలు చేస్తాయి. వినడం అయిపోతే సెల్లు తీసేయాలి.

ఆరు నెలలకు గుడివాడ వైపు పనిపడి వెళ్లి చూశాను. వెల్డింగ్ గట్టిగా ఉంది. రెండు గుంటల్లో పెద్దది కాగితం మందాన దిగింది, చివరి పూతకు ఇంకో పది రోజులు ఇచ్చి ఉండాల్సింది. తోలు మీద బూజు లేదు. చుక్క ఎడమ అంచు మాత్రం మళ్లీ నిండుగా, ముదురు ఎరుపుగా ఉంది. మనవరాలి చేత స్టిక్కరు తెప్పించకుండా, పాత సీసా అడుగున ఎండిపోయిన తిలకాన్ని నీళ్లతో తడిపి పెట్టుకున్నారట పెద్దావిడ.

సెల్లు అర తెరిస్తే ఖాళీగా ఉంది. ఎక్కడున్నాయి నాయనమ్మా అని మనవరాలు అడిగితే ఆవిడ డాబా వైపు చూపించారు. నాలుగు సెల్లూ ఎండలో, వరసగా ఉన్నాయి. అలా పెడితే త్వరగా కారతాయని చెప్పి, వాటిని లోపలికి తెప్పించి, నా సంచిలోని కొత్తవి నాలుగు ఇచ్చి వచ్చాను.